రీలోడింగ్ ప్రెస్ ఎంపిక: 9 ఎం.ఎం., .308, .223, 12 బోర్ అన్నిటికీ ఒకటే సరిపోతుందా?

గురి_గీత అడిగిన ప్రశ్న:

తూటాలు రీలోడ్ చేయడం, అంటే కాల్చేసిన కేసుల్లో కొత్త ప్రైమర్ (అడుగున నిప్పు రాజేసే చిన్న మూత), పౌడర్, బుల్లెట్ పెట్టి మళ్లీ తూటా చేయడం, మొదలుపెట్టబోతున్నాను. లైసెన్సు, పౌడర్ నిల్వ అనుమతులు అన్నీ సక్రమంగా ఉన్నాయి, కాబట్టి ఆ చర్చ అక్కర్లేదు. ఆ పని చేసే హ్యాండిల్ యంత్రం, అదే ప్రెస్, ఎంపిక దగ్గరే ఆగిపోయాను.

నా అవసరాలు ఇవి. ప్రాక్టికల్ పిస్టల్ పోటీలకు 9×19 (9 ఎం.ఎం.), వారానికి మూడు వందల దాకా. బోల్ట్ యాక్షన్ .308తో 600 మీటర్ల షూటింగ్, నెలకు వంద లోపు. సెమీ ఆటో .223 అప్పుడప్పుడు. వచ్చే సీజన్ నుంచి 12 బోర్ షాట్‌గన్‌తో ట్రాప్ (ఎగిరే మట్టి పళ్లేలను కాల్చే పోటీ) కూడా మొదలుపెట్టే ఆలోచన ఉంది.

సింగిల్ స్టేజ్‌తో మొదలుపెట్టమని కొందరు, ప్రోగ్రెసివ్ నేరుగా కొనమని కొందరు చెబుతున్నారు. టర్రెట్ మధ్యేమార్గం అంటున్నారు. వీటిలో దేన్ని దేనికి వాడాలి? ఒకే ప్రెస్‌తో నాలుగూ నడుస్తాయా?

---

ఇత్తడి_గని:

నాలుగూ ఒకదానితో నడవవు. 12 బోర్‌ని ముందే పక్కన పెట్టేయండి, దానికి వేరే యంత్రం కావాలి. మిగతా మూడింటికి రెండు ప్రెస్‌లు ఉంటే హాయి. ఒకటే కొనగలిగితే ఏది ముందు అన్నదే అసలు ప్రశ్న.

ప్రెస్ వేగం గురించి కంపెనీలు చెప్పే గంట లెక్కలు వదిలేసి, హ్యాండిల్ ఎన్నిసార్లు లాగాలో లెక్కపెట్టండి. 9 ఎం.ఎం.కి డైలు (ప్రెస్‌లో బిగించే అచ్చులు) నాలుగు: పాత ప్రైమర్ తీసి కేస్‌ను సైజు చేసేది, అంటే అసలు కొలతకు నొక్కేది, మూతి విప్పేది, బుల్లెట్ కూర్చోబెట్టేది, క్రింప్ వేసేది, అంటే మూతిని బుల్లెట్ మీదికి నొక్కేది. సింగిల్ స్టేజ్‌లో ఒకసారి ఒక డై మాత్రమే ఉంటుంది. మూడు వందల తూటాలంటే 1,200 లాగుళ్లు. లాగిన ప్రతిసారీ కేస్ పెట్టాలి, తీయాలి. ప్రైమర్ ఎక్కించడం, పౌడర్ పోయడం వీటికి అదనం. వారం వారం ఆ పని చేస్తే నెల తిరిగేసరికి విసుగు వస్తుంది. విసుగొచ్చిన చేతులు పౌడర్ దగ్గర ఉండకూడదు.

టర్రెట్‌లో నాలుగు డైలూ పైన గుండ్రటి పలకలో బిగించి ఉంటాయి. లాగుళ్లు తూటాకు నాలుగే, కానీ కేస్‌ను మధ్యలో తీయనక్కర్లేదు. లీ క్లాసిక్ టర్రెట్‌లో లాగిన ప్రతిసారీ పలక దానంతట అదే తిరుగుతుంది. లోపలి ఇండెక్స్ కడ్డీ తీసేస్తే అదే సింగిల్ స్టేజ్‌గా పనిచేస్తుంది. రెడ్డింగ్ టీ-7లో ఏడు రంధ్రాలుంటాయి, పలకను చేత్తో తిప్పాలి. ఆగకుండా చేస్తే గంటకు నూట యాభై అటూ ఇటూ వస్తాయి.

ప్రోగ్రెసివ్‌లో షెల్‌ప్లేట్ అనే గుండ్రటి పలక మీద కేసులు వరసగా నిలబడతాయి. ఒక్కో స్టేషన్‌లో ఒక్కో పని ఒకేసారి జరుగుతుంది, ప్లేట్ నిండాక ఒక లాగుడుకి ఒక తూటా. డిల్లన్ 550లో నాలుగు స్టేషన్లు, ప్లేట్‌ను బొటనవేలితో మీరే తిప్పాలి. డిల్లన్ 750, హోర్నడీ లాక్-ఎన్-లోడ్ ఏపీ ప్రెస్‌లలో ఐదు స్టేషన్లు, ప్లేట్ దానంతట తిరుగుతుంది. గంటకు నాలుగైదు వందలు మామూలే.

డై మర అన్నిటికీ దాదాపు ఒకటే, ఏడు బై ఎనిమిది అంగుళాల వ్యాసం, అంగుళానికి 14 చుట్లు. అందుకే ఈరోజు సింగిల్ స్టేజ్‌కి కొన్న డైలు రేపు ప్రోగ్రెసివ్‌లోకీ పనికొస్తాయి. డిల్లన్ స్క్వేర్ డీల్ బీ మాత్రం దీనికి మినహాయింపు. దానికి దాని సొంత డైలే పట్టుతాయి, పైగా పిస్టల్, రివాల్వర్ కేసులకు మాత్రమే. వాడిన ప్రెస్ చవగ్గా వచ్చిందని తీసుకునే ముందు ఈ సంగతి చూసుకోండి.

మీ పరిస్థితిలో నా సలహా: ముందు మంచి బరువైన సింగిల్ స్టేజ్, తరవాత 9 ఎం.ఎం.కి ప్రోగ్రెసివ్. టర్రెట్ వద్దు. .308కి అది అవసరానికి మించినది, వారానికి మూడు వందల పిస్టల్ తూటాలకు చాలదు. నెలకు రెండు మూడు వందలు కాల్చేవారికైతే టర్రెట్ ఒక్కటే చాలు, రెండోది కొననే అక్కర్లేదు.

---

భుజం_కొలత:

.308 సంగతి నేను చెబుతాను. 600 మీటర్లకు ప్రెస్ నుంచి కావలసింది వేగం కాదు, ప్రతి కేస్ భుజం (మెడ కింద ఏటవాలుగా సన్నబడే భాగం) ఒకే చోట వెనక్కి జరగడం, బుల్లెట్ వంకర లేకుండా కూర్చోవడం.

ఆర్‌సీబీఎస్ రాక్ చకర్ లాంటి ఓ-ఆకారపు పోత ఇనుము ఫ్రేమ్ తీసుకోండి. సీ-ఆకారపు ఫ్రేములు ముందువైపు తెరిచి ఉంటాయి, చేతికి అందుబాటుగా ఉంటాయి, కానీ బిగుతైన కేస్ లోపలికి వెళ్లేటప్పుడు తేలిక సీ-ఫ్రేమ్ కొద్దిగా విచ్చుకుంటుంది. పిస్టల్ కేసులకు ఆ తేడా లెక్కలోకి రాదు, .308 కేస్‌ను నిలువునా నొక్కే ఫుల్ లెంగ్త్ సైజింగ్‌లో వస్తుంది.

ఫోర్‌స్టర్ కో-యాక్స్ ప్రెస్ ఇంకో దారి. అందులో డైని మరతో బిగించరు. లాక్ రింగ్‌తో సహా పక్కనుంచి గాడిలోకి తోస్తారు, డై కొంచెం ఆడుతూ కేస్‌తో తనంతట తాను సూటిగా కుదురుకుంటుంది. కేస్ అడుగును పట్టే మామూలు షెల్ హోల్డర్ అక్కర్లేదు, దవడలు రిమ్‌ను (కేస్ అడుగు అంచును) పట్టుకుంటాయి. వాడేసిన ప్రైమర్లు, వాటి మసి ర్యామ్ (కేస్‌ను పైకి తోసే కడ్డీ) గుండా నేరుగా కింది డబ్బాలో పడతాయి. ఆ మసిలో సీసం ఉంటుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. లీ డైలకు వచ్చే ఓ-రింగ్ ఉన్న లాక్ రింగులు మాత్రం ఆ గాడిలో సరిగా కుదరవు, వేరే రింగులు వేసుకోవాలి.

ఇప్పుడు డై సెట్టింగ్. డైతో వచ్చే కాగితంలో 'షెల్ హోల్డర్‌కు తగిలేదాకా దించి, ఇంకో పావు చుట్టు తిప్పండి' అని ఉంటుంది. అలా చేస్తే ఏ తుపాకీలోనైనా పట్టే తూటా వస్తుంది, కానీ భుజం అవసరానికి మించి వెనక్కి పోతుంది. నాలుగైదు సార్లు కాల్చేసరికి కేస్ మడమకు కాస్త పైన మెరిసే గీత కనబడుతుంది, అక్కడే చీలుతుంది. కాబట్టి ముందు మీ రైఫిల్‌లో కాల్చిన కేస్‌ని భుజం దాకా కొలిచే కంపారేటర్ తగిలించిన క్యాలిపర్‌తో కొలవండి. డైని పైనే ఉంచి, కేస్‌కి లూబ్ (జారుడు కోసం రాసేది) రాసి సైజు చేయండి, కొలవండి, కొద్దిగా దించండి, మళ్లీ కొలవండి. బోల్ట్ యాక్షన్‌కి భుజం 0.002 అంగుళం వెనక్కి జరిగితే చాలు. సెమీ ఆటోకి 0.003 నుంచి 0.005 దాకా ఉండాలి, లేకపోతే బోల్ట్ పూర్తిగా మూసుకోదు.

డై ఒక పూర్తి చుట్టు తిరిగితే 0.071 అంగుళం దిగుతుంది. అంటే 0.002 అంగుళానికి తిప్పాల్సింది పది డిగ్రీలే. లాక్ రింగ్ మీద మార్కర్‌తో గీత పెట్టుకుని తిప్పండి, కంటి అంచనా పనికిరాదు.

కొలత కేసు కేసుకీ మారుతుంటే డైని అనుమానించే ముందు లూబ్ చూడండి. తక్కువ రాసిన కేస్ బిగుతుగా వెళ్లి ఫ్రేమ్‌ను ఎక్కువ సాగదీస్తుంది, భుజం తక్కువ జరుగుతుంది. మరీ ఎక్కువ రాస్తే ఆ లూబ్ పోవడానికి దారి లేక భుజం మీద సొట్టలు పడతాయి. అసలు రాయకపోతే కేస్ డైలో ఇరుక్కుపోయి రిమ్ చిరుగుతుంది. అప్పుడు హ్యాండిల్ మీద బలం ప్రయోగించకండి. పాత ప్రైమర్‌ను తోసే డీక్యాపింగ్ కడ్డీని వీలైనంత పైకి తిప్పి, కేస్ అడుగున రంధ్రం వేసి, పావు అంగుళం మర కోసి, బోల్ట్‌తో బయటికి లాగాలి. దానికి స్టక్ కేస్ రిమూవర్ అనే కిట్ దొరుకుతుంది.

పౌడర్ .308కి కాటా మీదే తూచండి. పొడుగు కడ్డీల్లాంటి గింజలున్న పౌడర్, మెజర్‌లో (ఘనపరిమాణంతో కొలిచి పోసే పరికరంలో) సమంగా పడదు, గింజలు డ్రమ్ అంచు దగ్గర నలిగి కరకరమంటాయి, కొలత తప్పుతుంది. గుండ్రటి బాల్ పౌడర్ అయితే మెజర్‌లో బాగానే పారుతుంది.

---

ట్రాప్_లైన్:

12 బోర్ గురించి. షాట్‌షెల్ ప్రెస్‌కీ ఇత్తడి కేసుల మెటాలిక్ ప్రెస్‌కీ సంబంధం లేదు. మెక్ 600 జూనియర్‌తో మొదలుపెట్టండి. ఒక్కో షెల్‌ని చేత్తో ఒక స్టేషన్ నుంచి ఇంకోదానికి జరుపుతారు: పాత ప్రైమర్ తీయడం, కొత్తది ఎక్కించడం, పౌడర్, వాడ్ (పౌడర్‌కీ చర్రలకీ మధ్య పెట్టే ముక్క), చర్రలు (చిన్న గుళ్లు), క్రింప్ మొదలుపెట్టడం, ముగించడం. ఇత్తడికి బదులు ఉక్కు అడుగున్న షెల్స్ వాడేటట్టయితే కొలెట్‌తో (చుట్టూ బిగిసే వేళ్లతో) సైజు చేసే మెక్ సైజ్‌మాస్టర్ మేలు. సీజన్‌లో వేలల్లో కాలిస్తే అప్పుడు మెక్ 9000 లాంటి ప్రోగ్రెసివ్ గురించి ఆలోచించవచ్చు.

ఇక్కడ పౌడర్ కొలత మార్చేది మరతో కాదు, పౌడర్ కొలిచి వదిలే చార్జ్ బార్‌లో పెట్టే బుషింగ్‌తో (నిర్ణీత రంధ్రమున్న ముక్కతో). బుషింగ్ పట్టికలో రాసిన గ్రెయిన్లు (పౌడర్ బరువు కొలమానం) మీ చేతిలో అలాగే పడతాయని నమ్మొద్దు, తరచూ తక్కువ పడుతుంది. బార్ జరిపే ఊపు, యంత్రం అదురు రెండూ కొలతను మారుస్తాయి. కాబట్టి పౌడర్, చర్రల బాటిళ్లు పెట్టాక ఓ పది షెల్స్ పూర్తిగా నడిపి, ఆ తరవాత పడిన పౌడర్‌ని తూచండి.

షెల్, ప్రైమర్, వాడ్, పౌడర్, చర్రల బరువు, ఈ ఐదూ కలిపి ఒకటే రెసిపీ. వాడ్ దొరకలేదని రంగు దగ్గరగా ఉన్న ఇంకో వాడ్ వేయకూడదు. ఒక్కటి మారినా పీడనం మారుతుంది.

క్రింప్ మధ్యలో చిల్లు మిగిలినా, సుడి తిరిగినా చాలామంది డైని ఇంకా దించుతారు. చాలాసార్లు కారణం లోపలి ఎత్తు. వాడ్, చర్రల మొత్తం ఎత్తు తక్కువైతే క్రింప్ లోపలికి కుంగిపోతుంది, ఎక్కువైతే మూసుకోదు. ముందు వాడ్ ఎంపిక చూడండి. క్రింప్ స్టార్టర్ మడతల లెక్క కూడా షెల్ మడతలతో కలవాలి. ఆరు మడతల షెల్‌కి ఆరుది, ఎనిమిదికి ఎనిమిదిది.

---

గురి_గీత:

చాలా స్పష్టంగా ఉంది, అందరికీ ధన్యవాదాలు. అయితే సింగిల్ స్టేజ్ ఖాయం చేశాను. ప్రోగ్రెసివ్‌లో నాలుగు స్టేషన్లా, ఐదా? ప్లేట్ చేత్తో తిప్పేదే కొత్తవారికి భద్రం అంటున్నారు, నిజమేనా? .223ని దేనిలో చేయాలి? వాటిలో సగం సైన్యం వాడేసిన కేసులు.

---

ఇత్తడి_గని:

చేత్తో తిప్పేదాంట్లో ప్రతి కదలికా మీ అదుపులో ఉంటుంది, అది నిజం. కానీ తిప్పడం మరిచి హ్యాండిల్ మళ్లీ లాగితే అదే కేస్‌లో రెండోసారి పౌడర్ పడుతుంది. దానంతట తిరిగేదాంట్లో ఆ పొరపాటు ఉండదు, అక్కడ ప్రమాదం వేరే చోట ఉంది. ఏదో ఇరుక్కుని హ్యాండిల్ సగంలో ఆగుతుంది, మీరు వెనక్కి తెచ్చి సర్దుతారు, ఏ కేస్‌లో పౌడర్ పడింది, దేంట్లో పడలేదు అన్న లెక్క తప్పుతుంది. రెంటికీ ఒకటే నియమం: ప్రెస్ ఆగితే పౌడర్ స్టేషన్‌లో ఉన్న కేస్‌నీ దాని తరవాత బుల్లెట్ కూర్చోని కేసులన్నిటినీ ప్లేట్ నుంచి తీసేయండి, వాటిలోని పౌడర్‌ని తిరిగి మెజర్ డబ్బాలోకి పోసేయండి, సర్దాక కొత్తగా మొదలుపెట్టండి. 'ఇది పడినట్టే ఉంది' అన్న ఊహతో ముందుకు వెళ్లొద్దు.

నేనైతే ఐదు స్టేషన్లకే ఓటేస్తాను. కారణం వేగం కాదు, మూడో స్టేషన్. నాలుగింటి ప్రెస్‌లో వరస ఇది: సైజు చేసి ప్రైమర్ ఎక్కించడం, మూతి విప్పి పౌడర్, బుల్లెట్, క్రింప్. ఖాళీ లేదు. ఐదింటిలో పౌడర్‌కీ బుల్లెట్‌కీ మధ్య ఒక చోటు మిగులుతుంది, అక్కడ పౌడర్ చెక్ పెట్టుకోవచ్చు. డిల్లన్‌ది పౌడర్ ఎత్తు తేడా వస్తే బీప్ కొడుతుంది, ఆర్‌సీబీఎస్ లాక్-అవుట్ డై ఏకంగా ప్రెస్‌నే ఆపేస్తుంది. ఇవి పౌడర్ అసలు పడకపోవడాన్ని, రెండుసార్లు పడడాన్ని పట్టుకుంటాయి. అర గ్రెయిన్ తేడాను పట్టుకోలేవు, దాని కోసం ప్రతి యాభై తూటాలకు ఒక చార్జ్ తూచాల్సిందే.

పౌడర్ ఎంపికలో కూడా రక్షణ ఉంది. మీ లోడ్ పుస్తకం 9 ఎం.ఎం.కి ఒప్పుకున్న వాటిలో, రెండుసార్లు పడితే కేస్ మూతి దాటి పొర్లిపోయేంత ఘనపరిమాణం ఉన్నదాన్ని ఎంచుకోండి. చిటికెడు పట్టే వేగపు పౌడర్ డబుల్ పడినా లోపల దాగిపోతుంది. ప్రెస్ తలకి ఒక చిన్న ఎల్‌ఈడీ దీపం తగిలించి, బుల్లెట్ పెట్టే ముందు ప్రతి కేస్‌లోకీ చూడండి.

పౌడర్ అసలు పడకపోతే ప్రైమర్ ఒక్కటే బుల్లెట్‌ని బ్యారెల్‌లోకి నెట్టి అక్కడే వదిలేస్తుంది. శబ్దం 'టప్'మని నీరసంగా వస్తుంది. అలా వినబడిన క్షణంలో కాల్పులు ఆపి, తుపాకీ ఖాళీ చేసి బ్యారెల్ చూడాలి. వెనకాలే ఇంకో తూటా పేలిస్తే బ్యారెల్ పగులుతుంది.

9 ఎం.ఎం. మీద ప్లేట్ గభాలున తిరిగి ఆగినప్పుడు పౌడర్ గింజలు ఎగిరి ప్లేట్ మీద పడుతుంటాయి. పొట్టి కేస్ నిండుగా ఉంటే ఇది తప్పదు. హ్యాండిల్ తిరిగి వచ్చేటప్పుడు చివర్లో నెమ్మదించండి. షెల్‌ప్లేట్ కింది గుళిక స్ప్రింగ్ మరీ గట్టిగా ఉన్నా ఇలాగే జరుగుతుంది. హోర్నడీలో ప్లేట్ సగం పైకి వెళ్లేటప్పుడు, సగం దిగేటప్పుడు తిరుగుతుంది కాబట్టి ఈ కుదుపు తక్కువ. రాలిన గింజల్ని వెంటనే బ్రష్‌తో ఊడ్చండి. అవి ప్రైమర్ పంచ్ కిందికి చేరితే తరవాతి ప్రైమర్లు సరిగా కూర్చోవు.

---

భుజం_కొలత:

.223కి రెండు విడతలు. 9 ఎం.ఎం.కీ .223కీ రెండింటికీ చిన్న సైజు ప్రైమరే కాబట్టి ప్రోగ్రెసివ్‌లో ప్రైమర్ అమరిక మార్చాల్సిన పని లేదు, షెల్‌ప్లేట్, పౌడర్ గరాటు, డైలు మాత్రం మారతాయి. డబ్బాలు మాత్రం కలపకండి, స్మాల్ పిస్టల్ ప్రైమర్ వేరు, స్మాల్ రైఫిల్ ప్రైమర్ వేరు. పిస్టల్‌ది పలచటి కప్పు, .223 పీడనానికి అది సరిపోదు.

మొదటి విడతలో లూబ్ రాసి, పాత ప్రైమర్ తీసి, సైజు చేయండి. లూబ్ పోయేలా శుభ్రం చేశాక కేస్ పొడవు చూడండి. 1.760 అంగుళాలు దాటితే 1.750కి కత్తిరించి, మూతి లోపలా బయటా అంచులు తీసేయండి. ఆ పని అయ్యాకే రెండో విడతలో ప్రైమర్, పౌడర్, బుల్లెట్.

సైన్యం కేసుల్లో ప్రైమర్ చుట్టూ ఇత్తడి నొక్కి ఉంటుంది. దాన్ని తీయకుండా కొత్త ప్రైమర్ ఎక్కిస్తే అంచు దగ్గర ఆగి నలుగుతుంది. స్వేజ్ చేసే (ఇత్తడిని వెనక్కి నొక్కే) పనిముట్టుతోనో, గీకే రీమర్‌తోనో ఒక్కసారి తీసేస్తే చాలు, మళ్లీ రాదు. రీమర్‌తో ఎక్కువ గీకితే ప్రైమర్ వదులైపోతుంది కాబట్టి మొదట పది కేసులు చేసి, ప్రైమర్ ఎక్కించి చూసుకోండి. డిల్లన్ 1050, 1100 ప్రెస్‌లలో స్వేజింగ్ స్టేషన్ యంత్రంలోనే ఉంటుంది, కానీ మీరు చెప్పిన సంఖ్యకి అంత పెద్ద యంత్రం దండగ. కేస్ లోపల టార్చి వేసి చూసినప్పుడు అడుగున మధ్యలో ఒక రంధ్రం బదులు పక్కలకి రెండు చిన్నవి కనబడితే అది బెర్డాన్ కేస్, డీక్యాపింగ్ సూది విరుగుతుంది, పక్కన పడేయండి.

ప్రైమర్ కేస్ అడుగుకన్నా 0.003 నుంచి 0.005 అంగుళం లోపలికి ఉండాలి. వేలి కొనతో అడ్డంగా రాస్తే చిన్న గుంటలా తెలియాలి. ఉబ్బెత్తుగా తగిలితే రెండు రకాల కష్టం. ఫైరింగ్ పిన్ మొదటి దెబ్బ ప్రైమర్‌ని లోపలికి తోయడానికే ఖర్చయి పేలదు, రెండో దెబ్బకు పేలుతుంది. తేలియాడే ఫైరింగ్ పిన్ ఉన్న సెమీ ఆటోలో అయితే బోల్ట్ మూసుకునేటప్పుడే పేలవచ్చు. ఇప్పటికే లోడైన తూటాలో ఎత్తైన ప్రైమర్ కనబడితే ప్రెస్‌లో పెట్టి నొక్కొద్దు, బుల్లెట్ పీకి విడదీయండి.

---

ట్రాప్_లైన్:

ఒక్క మాట బెంచ్ గురించి, అది చివర్లో గుర్తొచ్చేదే కానీ ముందు కావాలి. .308 సైజు చేసేటప్పుడు హ్యాండిల్ కిందికి వస్తూ బెంచ్ వెనక భాగాన్ని పైకి లేపుతుంది. బెంచ్‌ని గోడకి బిగించండి. పై పలక కనీసం 40 మిల్లీమీటర్ల మందం ఉండాలి, ప్రెస్‌ని కర్ర మరమేకులతో కాదు, పలక గుండా దిగే బోల్టులతో, కింద వెడల్పు వాషర్లు వేసి బిగించాలి. ప్రెస్ నిలబడే చోట బెంచ్ కాలు సరిగ్గా కిందే ఉంటే ఇంకా మంచిది. పలక ఊగితే ప్రోగ్రెసివ్‌లో ప్రైమర్లు ఎత్తుగా కూర్చుంటాయి, పౌడర్ మెజర్ కొలత మారుతుంది. మనుషులు ప్రెస్‌ని తిట్టుకుంటారు, తప్పు బల్లది.

కాటాని మాత్రం ఆ బెంచ్ మీద పెట్టకండి, వేరే బల్ల మీద, ఫ్యాన్ గాలి తగలని చోట పెట్టండి.